రైలు వైపు గోలు ఎత్తు

రెండు వేల పంతొమ్మిది మార్చి ఇరవై ఎనిమిది, గురువారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. చలి మూడు డిగ్రీలు. గాలి పడమటి నుంచి, మెల్లగా. రైలు కట్ట పక్కన పొగమంచు నడుమెత్తున పరుచుకుని ఉంది. దానిపైన ఫుట్‌బాల్ గోలు అడ్డకమ్మీ ఒక్కటే, దేనికీ ఆనకుండా గాలిలో నిలిచినట్టు కనిపించింది. ఎల్ఫ్రీదా గ్రోమోత్కా దాన్ని ఒక క్షణం చూసి, ఆటగాళ్ల గది తాళం తీసి, రంగు డబ్బాలు లోపల పెట్టింది.

ఆమె రాయవలసిన పలక గోడకు ఆనించి ఉంది. మూడు మీటర్ల పొడవు, నల్లరంగు, దాని మీద సుద్ద దారం కొట్టి తీసిన గీతలు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు వసంతంలో సొంత మైదానం మీద మొదటి ఆట. ఆటకు ముందు రుదోవా ఊరు ఆ పలకను చూడాలి. ఇస్క్రా క్లబ్బు 1922లో పుట్టిందనీ, 2002లో బొగ్గుగనితోపాటు మూతపడిందనీ, పన్నెండేళ్ల తర్వాత పన్నెండు మంది పూనుకుని అన్నింటికన్నా కింది డివిజనులో దాన్ని మళ్లీ నమోదు చేయించారనీ, ఇది కొత్త క్లబ్బు కాదు, పడి లేచిన పాత క్లబ్బేననీ ఆ పలక చెప్పాలి. పైవరసలో పెద్ద అక్షరాలు సుద్దతో అప్పటికే దిద్ది ఉన్నాయి: ఎవాల్డ్ గ్రోమోత్కా మైదానం. ముప్పై నాలుగేళ్లు ఆ పచ్చికను కాపాడిన మనిషి పేరు. పదిహేనేళ్ల క్రితం చనిపోయిన ఆమె భర్త పేరు.

ఎల్ఫ్రీదాకు డెబ్బై ఒకటి. గని సర్వే విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పటాల మీద అక్షరాలు రాసి, నేల ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో అంకెలు వేసిన చెయ్యి అది. మణికట్టు కింద కర్ర ఆన్చుకుంటే ఇప్పటికీ వణకదు. ఆమె కింది వరసల నుంచి మొదలుపెట్టింది: వంద ఆటలకు పైగా ఆడినవారి పేర్లు. క్లబ్బు అధ్యక్షుడు సెవెరిన్ హాయ్‌దుక్ ఇచ్చిన జాబితాలో అరవై ఒక్క పేర్లున్నాయి. క్లబ్బు మూతపడినప్పుడు చెత్తబండి ఎక్కబోతుంటే ఎవాల్డ్ ఇంటికి మోసుకొచ్చిన ఆటల నమోదు పుస్తకాలు ఆమె అటక మీద ఉండేవి. వాటిని చూసి ఆమె తనంతట తాను లెక్కపెట్టింది. అరవై రెండు వచ్చాయి.

ఎనిమిదింటికి సెవెరిన్ వచ్చాడు. ట్రామ్ డిపోలో ఎలక్ట్రీషియను. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. ఆమె కుంచె ఆపకుండానే అంది.

“సెవెరిన్, ఒక మనిషి తగ్గాడు.”

“ఎక్కడ తగ్గాడు పిన్నీ? రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చానే.”

“గెరార్డ్ మూషోల్. రెండు వందల పద్నాలుగు ఆటలు.”

సెవెరిన్ తన బూట్ల వంక చూసుకున్నాడు. “మీకు తెలియక అడుగుతున్నారా?”

ఆమెకు తెలుసు. ఊరంతటికీ తెలుసు. 1983 జూన్ పన్నెండు, సీజనులో ఆఖరి ఆట, పొరుగు గని జట్టుతో. గెలిస్తే ఇస్క్రా పై డివిజనుకు వెళుతుంది; సమమైతే వాళ్లు వెళతారు. ఎనభై ఎనిమిదో నిమిషంలో రైలు వైపు గోలు దగ్గర పెనాల్టీ దొరికింది. ఆ నాలుగేళ్లలో ఒక్క పెనాల్టీ కూడా గురి తప్పని గెరార్డ్ కొట్టాడు. బంతి అడ్డకమ్మీకి తగిలి వెనక్కి వచ్చింది. సున్నా–సున్నా. ఇస్క్రాకు అలాంటి అవకాశం మళ్లీ రాలేదు. ఆ ఏడాది శరత్తులో గెరార్డ్ ఇంటికి బట్టలుతికే యంత్రం ఒకటి వచ్చింది. ఆ రోజుల్లో మూడేళ్లు వరసలో నిలబడినా దొరకని వస్తువు. పొరుగు గనివాళ్లు అడ్డకమ్మీకి చెల్లించిన వెల అదేనని ఊరు తేల్చేసింది. పిల్లలు అతని వెనక పడి, “అడ్డకమ్మీ మామా, బట్టలు ఆరాయా?” అని అరిచేవారు. ఆ పిల్లలకు ఇప్పుడు బట్టతలలు వచ్చాయి. పిలుపు మాత్రం పోలేదు. గెరార్డ్ ఆ శరత్తులోనే ఆట మానేశాడు. రైలు కట్టకు అవతల తోటలో పావురాలు పెంచుకుంటూ ఉండిపోయాడు. కట్ట మీద నిలబడితే గోలు కనిపిస్తుంది. అతను కట్ట ఎక్కడు.

నాటి జట్టు కెప్టెన్ హెర్బెర్త్ స్కూపిన్ ఇప్పుడు క్లబ్బు పెద్దల్లో పెద్ద. టిక్కెట్ల బల్ల అతనిది. మూషోల్ పేరు ఆ పలకకు ఎక్కితే తన పేరు చెరిపేయమన్నాడని సెవెరిన్ చెప్పాడు.

“ఉతికే యంత్రం ఎవరిచ్చారో ఎవరైనా కనుక్కున్నారా?”

“ముప్పై ఆరేళ్లయింది పిన్నీ. ఇప్పుడు యంత్రాన్ని అడగమంటారా?”

ఆమె నవ్వలేదు. రెండు పేర్ల నడుమ ఒక్క వరస ఖాళీగా వదిలి, తర్వాతి పేరుకు వెళ్లింది.

*

పదకొండు గంటలకు బయట ఇనుము మీద సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. పురపాలక సంఘం కొత్త అల్యూమినియం గోలు చట్రాలు రెండిచ్చింది, పాతవి పెకలించాలి. నలుగురు అభిమానులు రైలు వైపు గోలు చుట్టూ పార పట్టారు. పాత స్తంభాలు గని కార్ఖానాలో పోసిన ఇనుప గొట్టాలు. మోకాలి లోతు కాంక్రీటులో నిలిపినవి. మధ్యాహ్నానికి ఎడమ స్తంభం ఒరిగింది. చెట్టు వేళ్లతో లేచినట్టు మట్టిని పెకలించుకుంటూ అది పచ్చిక మీద వాలేసరికి, ఎల్ఫ్రీదా కుంచె కడిగే నెపంతో అక్కడికి వచ్చింది.

స్తంభం తెలుపు నేల మట్టం దగ్గర ఆగలేదు. మట్టి కిందికి కూడా కొంత దిగింది.

ఆమె ముందు దాన్ని కేవలం చూసింది. తర్వాత మోకాళ్లు ఒక్కొక్కటిగా వంచి నేల మీద కూర్చుంది. పాతిపెట్టిన ఇనుముకు ఎవరూ తెల్లరంగు వెయ్యరు. ఎర్ర సిందూరపు పూత వేసి వదిలేస్తారు. కనుక ఆ తెలుపు ఒకప్పుడు నేలపైన ఉండి ఉండాలి. నేల తర్వాత పైకి వచ్చి ఉండాలి.

జేబులోంచి పెన్సిలు చెక్కే కత్తి తీసి, ఆమె రంగును వాలుగా గీరింది. ఎవాల్డ్ ప్రతి వసంతంలో ఆ స్తంభాలకు రంగు వేసేవాడు. కుంచె పచ్చికను తాకే చోటు వరకే వేసేవాడు. అందుచేత ఏ యేటి పూత అంచు ఆ యేటి నేల మట్టం. గీరిన చోట పూతలు చెట్టు కాండంలో వలయాల్లాగా తేలాయి, అన్నీ తెలుపే. ఒక్కటి మాత్రం పాల కాఫీ రంగు. అది చూడగానే ఆమెకు ఏడాది తెలిసిపోయింది. సైనిక పాలన వచ్చి సైన్యం వీధుల్లో ఉన్న ఆ 1982 వసంతంలో తెల్లరంగు ఎక్కడా దొరక్కపోతే, ఎవాల్డ్ గని భోజనశాల గోడలకు వేయగా మిగిలిన రంగు తెచ్చి వేశాడు. “మన గోలు స్తంభాలకు సూపు పూశారా?” అని జనం ఎగతాళి చేశారు.

ఆమె టేపు తెప్పించింది. స్తంభానికి నేల మట్టం గుర్తుగా కార్ఖానావాళ్లు ఉలితో కొట్టిన గీత ఉంది. అడ్డకమ్మీ కింది అంచు నుంచి ఆ గీత వరకు రెండు వందల నలభై నాలుగు సెంటీమీటర్లు, నియమం ప్రకారం సరిగ్గా. కాఫీరంగు పూత అంచు వరకు రెండు వందల నలభై మూడు. దాని మీది తెల్లపూత, అంటే 1983 వసంతపు పూత, దాని అంచు వరకు రెండు వందల ముప్పై ఏడు.

ఆమె రెండోసారి కొలిచింది. రెండో స్తంభం పడేదాకా గంటసేపు చలిలో నిలబడి, దాన్నీ కొలిచింది. రెండు వందల ముప్పై ఏడు. ఆ తర్వాతి పూతలు ఇంకో రెండు సెంటీమీటర్లు పైకి జరిగాయి.

సెవెరిన్ ఆమె భుజం మీదుగా టేపు చూసి, పెదవులతోనే లెక్క వేసుకున్నాడు. “అంటే ఈ ఐదేళ్లూ మనం...”

“పొట్టి గోలుకే ఆడారు. అందుకే మీ గోల్‌కీపరు అంత గొప్పవాడయ్యాడు.”

“రెఫరీలు కొలిచేవాళ్లు కదా పిన్నీ? ఎవాల్డ్ బాబాయి కొలకర్రతో. నేనే తెచ్చి ఇచ్చేవాణ్ని.”

ఆమె తల ఎత్తింది. “ఆ కర్ర ఎక్కడుంది?”

*

కర్ర పనిముట్ల గదిలో, మైదానం గీతలు వేసే సున్నం బండి వెనక నిలబెట్టి ఉంది. అది నిజానికి సర్వే కొలకర్ర. 1970లో తమ విభాగం పనికిరాదని పారేస్తుంటే ఆమే ఎవాల్డ్‌కు తెచ్చి ఇచ్చింది. పది సెంటీమీటర్లకు ఒక పట్టీ చొప్పున ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు. కింద మొదటి పట్టీ ఎరుపు. గోలు ఎత్తు దగ్గర ఎవాల్డ్ కత్తితో గాటు పెట్టాడు. రెఫరీ కర్రను నేల మీద నిలబెట్టి, గాటు అడ్డకమ్మీ కింది అంచుకు కలిస్తే తల ఊపి వెళ్లేవాడు.

కింది ఎరుపు పట్టీ ఇప్పుడు పది సెంటీమీటర్లు లేదు. మూడే ఉంది. రంపపు కోత నిటారుగా, పొందికగా ఉంది. తొందరలో కోసినది కాదు. కర్ర పక్కన నిలువుగా కాల్చి వేసిన విభాగపు సంఖ్య 41లో నాలుగు మిగిలింది, ఒకటి పోయింది.

ఎల్ఫ్రీదా సున్నం బస్తా మీద కూర్చుంది. ఒక్కొక్క కారణమూ దాని ముందున్న కారణాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గోలు పొట్టిదైంది, ఎందుకంటే నేల పైకి లేచింది. నేల లేచింది, ఎందుకంటే ఆ యేడు ఫిబ్రవరిలో రైలు వైపు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీయకపోతే వసంతపు ఆటలన్నీ పక్క ఊళ్లో ఆడవలసి వస్తుందని లీగు తనిఖీదారు హెచ్చరించి పోయాడు. నీళ్లు నిలిచాయి, ఎందుకంటే కింద గని తవ్వి నేల కుంగింది. ఎంత కుంగిందో ఊళ్లో ఎవరికీ చెప్పకూడదు. ఆ అంకెలు బీరువాలో తాళం వేసి ఉండేవి. కానీ వాటిని రాసే మనిషి తానే. ఎంత మట్టి పోస్తే నీళ్లు నిలవవని వంటింటి బల్ల దగ్గర ఎవాల్డ్ అడిగాడు. ఆమె ఒక చిత్తు కాగితం వెనక లెక్క వేసి ఇచ్చింది: పెనాల్టీ ప్రదేశం మొత్తం మీద ఆరు సెంటీమీటర్ల ఎత్తు, బాయిలరు బూడిద, పైన మట్టి, ఇన్ని బండ్లు. నీటి వాలు ఎటో బాణం గుర్తు కూడా వేసింది. ఆ వసంతంలో నీళ్లు ఒక్క రోజు కూడా నిలవలేదు. తన లెక్క అంత చక్కగా కుదిరినందుకు ఆమె సంతోషించింది.

నేల కుంగినప్పుడు దానితోపాటు స్తంభాలూ కుంగుతాయి. నేలను ఎత్తితే స్తంభాలనూ ఎత్తాలి. నేలను లెక్కించిన మనిషి స్తంభాలను మరిచింది. అప్పటి నుంచి ఈ గురువారం దాకా, ఒక్కసారి కూడా, అది ఆమెకు తోచలేదు.

ఎవాల్డ్‌కు తోచింది. రంగు వేసేటప్పుడు తోచి ఉంటుంది. కాంక్రీటు పగలగొట్టి మళ్లీ పోస్తే గట్టిపడడానికి వారాలు కావాలి. ఆటలు వారం వారం ఉన్నాయి. అతను రంపం తీసుకున్నాడు.

ఇక ఆమెకు ఒకే ప్రశ్న మిగిలింది, అదీ చాలా చిన్నది. కోసిన ముక్క ఏమైంది? ఎవాల్డ్ చెక్కముక్క పారేసే మనిషి కాడు.

*

శనివారం పదింటికి, కర్రను గోనెపట్టాలో చుట్టుకుని, ఆమె రైలు కట్ట దాటింది. అబద్ధపు నేరం మోసిన మనిషికి నిజం చెప్పబోతున్నాననే ఆమె అనుకుంది. చెప్పవలసిన మాటలు దారిపొడుగునా అమర్చుకుంది.

గెరార్డ్ మూషోల్ పావురాల గూడు నేలను గీరుతున్నాడు. చేతిలో వెడల్పాటి ఇనుప గీరుడు, కాళ్లకు చెక్క చెప్పులు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. భుజాలు ఇంకా ఆటగాడివే. ఆమెను చూసి గీరడం ఆపలేదు.

“పలక అయిందా ఫ్రీదా?”

“నీకెవరు చెప్పారు?”

“పావురాలు” అన్నాడు. “ఆ కర్రేమిటి, కొలతలకు వచ్చావా? గూడు రెండడుగులు ఎక్కువ కట్టానని పక్క తోటవాడు ఫిర్యాదు చేశాడు.”

ఆమె జవాబు చెప్పబోయి ఆగింది. గూటి పైతలుపు తెరిచి ఉంది. అది పడిపోకుండా కింద ఒక చెక్కముక్క ఆపు పెట్టి ఉంది. వేలెడు పొడవు, నాలుగు పలకలు, ఏళ్ల తరబడి రెట్టలు పడి నలుపెక్కినా ఎరుపు ఎరుపే. ఆమె పట్టా విప్పింది. గెరార్డ్ ఆమె చూపు పోయిన చోటును చూశాడు. గీరుడు గోడకు ఆనించి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో ముక్క లాగి ఆమెకు అందించాడు.

అంచుకు అంచు ఆనించగానే మూడు, ఏడు కలిసి పది అయ్యాయి. నాలుగు కింద ఒకటి వచ్చి చేరింది.

దారిలో అమర్చుకున్న మాటలలో ఒక్కటీ ఆమెకు పనికిరాలేదు.

“ఎప్పుడిచ్చాడు?”

“ఆట రోజు పొద్దున. గదిలో ఎవరూ లేనప్పుడు చేతిలో పెట్టి, ‘రైలు వైపు గోలు ఇంత పొట్టి. పెనాల్టీ అటు పడితే కిందికి కొట్టు’ అన్నాడు. బూట్ల సంచిలో వేసుకున్నాను.”

“మరి?”

“మరేముంది. మరిచిపోయాను.” అతను ముక్కను మళ్లీ తీసుకుని తలుపు కింద పెట్టాడు; తలుపు కుదిరిందో లేదో వేలితో నొక్కి చూశాడు. “గోల్‌కీపరు ఎడమకు ఒరిగాడు. మధ్యలో పైన ఖాళీ కనిపించింది. కొట్టాను. బంతి కాలు వదిలాక గుర్తొచ్చింది.”

యంత్రం సంగతి ఆమె అడగకుండానే అతను చెప్పాడు. జర్మనీలో ఉన్న భార్య అక్క పంపిందట, ఇంటి సామానుతో కలిపి. ఆ కాగితాలు చూపిస్తానని మొదటి ఏడాది ఇద్దరు ముగ్గురికి చెప్పాడట. చూస్తామని ఎవరూ అనలేదు.

అడ్డకమ్మీ సంగతి ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది.

“చెబితే ఆ ఏడాది మన మైదానంలో ఆడిన ఆటలన్నీ రద్దు. మేం గెలిచినవన్నీ పోయేవి. ఎవాల్డ్ ఉద్యోగం పోయేది. నేలకు లెక్క వేసి ఇచ్చిందెవరని ఎవడో ఒకడు అడిగేవాడు, నీ బీరువా అంకెలు బయటపడేవి. ఆ రోజుల్లో అలాంటి అంకెలు బయటపెట్టినవాళ్లను ఊరికే వదిలేవారా? మీకిద్దరు పిల్లలు.”

“ఊరు నిన్ను దొంగని చేసింది గెరార్డ్.”

“కొట్టింది నేనేగా. చెప్పినా వినకుండా కొట్టింది.”

పావురం ఒకటి గూట్లోంచి వచ్చి ఆమె బూటు పక్కన గింజ ఏరుకుంది. ఎండు బఠాణీ. తమ పెరట్లో ప్రతి వేసవీ ఎవాల్డ్ రెండు వరసలు బఠాణీ వేసేవాడు. ఇంట్లో ఎవరూ తినేవారు కాదు. సెప్టెంబరులో ఒక సంచి ఎటో పోయేది. ఎటు పోతోందని ఆమె ఒకటి రెండుసార్లు అడిగి, ఎవరో స్నేహితుడికి అని అతను చెబితే ఊరుకుంది.

“ఇక్కడికేనా?”

“ప్రతి ఏడూ. సంచి దింపి, పావురాలెలా ఉన్నాయని అడిగి పోయేవాడు. మిగతాది ఎన్నడూ మాట్లాడుకోలేదు.”

వచ్చిన దారిన ఆమె ఏమీ తేల్చుకోకుండా వెళ్లిపోయేదే. కానీ ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు ఆమెను నిలబెట్టింది. బంతి కమ్మీకి సరిగ్గా ఎక్కడ తగిలిందని అడిగింది. కింది అంచుకని అతను చెప్పాడు. ఆ శబ్దం వేరుగా ఉంటుందట.

“ఏడు సెంటీమీటర్లు పైకి ఉంటే లోపలికి వెళ్లేదా?” ఈసారి అడిగింది గెరార్డ్. అడిగి, మళ్లీ గీరుడు అందుకున్నాడు.

“వెళ్లి ఉండవచ్చు. నాకు తెలియదు. నా దగ్గర కమ్మీ లెక్క ఉంది, బంతి లెక్క లేదు.”

అతను తల ఊపాడు. ఆ జవాబు అతనికి నచ్చినట్టే కనిపించింది. ఆమె గేటు దాకా వెళ్లాక వెనక నుంచి అన్నాడు: “పైన ఆయన పేరు రాస్తున్నారట. రాయి, మంచిదే. నన్ను దాన్లోకి లాగకు.”

*

ఆదివారం, ఏటా వేసవికి ముందు జరిపినట్టే, గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. సగం ఊరు ప్రార్థనకు ఆలస్యమైంది. క్లబ్బు పెద్దలు పదకొండింటికి బదులు పన్నెండు కావస్తుండగా ఆటగాళ్ల గదికి చేరారు. హెర్బెర్త్ స్కూపిన్ టిక్కెట్ల పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. పలక మీద పేర్ల నడుమ ఖాళీ వరస అతని కంటపడింది.

“అది దేనికి?”

ఎల్ఫ్రీదా బల్ల మీది గుడ్డ తీసింది. కత్తితో గీరిన స్తంభపు కింది భాగం సెవెరిన్ చేత కోయించి తెచ్చింది. దాని పక్కన కొలకర్ర.

“సెంటీమీటర్లతో నా నోరు మూయించకు ఫ్రీదా. వాడు అమ్ముడుపోయాడు.”

“నేను చెప్పను. నువ్వే కొలువు.”

అతను ఉలిగీత నుంచి కొలిచాడు, వెక్కిరింపుగా, టేపు కొస పళ్లతో పట్టుకుని. కాఫీరంగు పూత దగ్గరికి వచ్చేసరికి టేపు నోట్లోంచి తీశాడు. ఆ సూపు రంగు అతనికీ గుర్తుంది. రెండోసారి ఎవరూ అడగకుండానే కొలిచాడు. కొలకర్ర కింది అంచు మీద బొటనవేలు ఆన్చి, కోత నునుపును చాలాసేపు తడిమాడు.

అప్పుడు ఎల్ఫ్రీదా చెప్పింది, నిలబడి, పటం చదివి వినిపించినట్టు. నేల ఎందుకు కుంగిందో, నీళ్లు ఎందుకు నిలిచాయో, లెక్క ఎవరు వేశారో, ఏమి మరిచారో, కర్ర ఎవరు కోశారో. గెరార్డ్‌కు ఇది తెలుసనీ, చెబితే క్లబ్బు గెలిచిన ఆటలు పోతాయని నోరు విప్పలేదనీ చెప్పింది. తనను లాగవద్దని అతను కోరిన సంగతీ, ఆ కోరికను తాను మన్నించడం లేదన్న సంగతీ దాచలేదు. ఒక్కటి మాత్రం చెప్పలేదు: ముందే చెప్పినా మరిచిపోయానన్న అతని మాట. తెలిసిన వాస్తవాన్ని రాతలోంచి వదిలేయడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. అది కొలతకు అందేది కాదు, అతనిది.

బయట క్రుప్నియోక్ కాల్చే పొయ్యి రాజేశారు. ఆ నెత్తుటి సాసేజి వాసన తలుపు సందులోంచి వస్తోంది.

“పైన నీ మొగుడి పేరుంది” అన్నాడు హెర్బెర్త్ చివరికి. గొంతులో కోపం లేదు. నిజంగా తోచకనే అడిగాడు. “దాన్నేం చేస్తావు?”

“సుద్దతోనే ఉంది. తడిగుడ్డ చాలు.”

ఆమె గుడ్డ ముంచి, పిండి, స్టూలు ఎక్కింది. సెవెరిన్ పట్టుకోబోతే వద్దంది. ఎవాల్డ్ అన్న అక్షరాలను కుడి నుంచి ఎడమకు, పటం మీద తప్పు పడిన అంకెను తుడిచినట్టు, పక్క గీతకు తడి తగలకుండా తుడిచింది. ఇంటిపేరు తనది కూడా, దాన్నీ తుడిచింది. మైదానం అన్న మాట మిగిల్చింది. తర్వాత కిందికి దిగి, కర్ర మీద మణికట్టు ఆన్చి, ఖాళీ వరసలో గెరార్డ్ మూషోల్, 214 అని రాసింది. సంవత్సరాల పట్టీలో 1983 ఎదురుగా అంతకుముందే ఉన్న రెండో స్థానం అన్న మాటల పక్కన, అవే అక్షరాల ఎత్తులో, ఇంకో వాక్యం చేర్చింది: రైలు వైపు గోలు ఎత్తు 237 సెం.మీ.

“అంతేనా?” అన్నాడు సెవెరిన్. “ఎవరికి అర్థమవుతుంది పిన్నీ?”

“అర్థం కానివాళ్లు అడుగుతారు.”

రెండున్నరకు జనం వచ్చారు, రెండు వందల పైచిలుకు. పలక ముందు నిలబడి తమవాళ్ల పేర్లు వెతుక్కున్నారు, కొందరు 1983 దగ్గర ఆగారు, అడిగారు. రంగు ఇంకా ఆరలేదు, ముట్టుకోవద్దని చెప్పడం తప్ప ఎల్ఫ్రీదా వేరే పని పెట్టుకోలేదు. అడిగినవారికి జవాబు చెప్పింది, ప్రతిసారీ అదే వరసలో.

టిక్కెట్ల బల్ల దగ్గర హెర్బెర్త్ లేడు. పెట్టె ఇంకెవరికో అప్పగించి, ఆట మొదలవకముందే రైలు కట్ట ఎక్కి అవతలికి దిగడం ఇద్దరు ముగ్గురు చూశారు. రెండో సగం సగానికి వచ్చాక తిరిగి వచ్చాడు. అతని కోటు భుజం మీద బూడిదరంగు ఈక ఒకటి అంటుకుని ఉంది. ఏమైందని ఎవరూ అడగలేదు. కొత్త గోలు వెనక నిలబడి ఆట చివరిదాకా చూశాడు. ఇస్క్రా రెండు–ఒకటితో ఓడింది.

గెరార్డ్ మూషోల్ ఆ మైదానంలోకి మళ్లీ అడుగు పెట్టలేదు. 2022 ఫిబ్రవరిలో చనిపోయాడు. అతని ముప్పై ఒక్క పావురాలను, గూటి తలుపుకు ఆపు పెట్టే చెక్కముక్కతో సహా, హెర్బెర్త్ స్కూపిన్ తీసుకున్నాడు. మైదానానికి ఇంతవరకు ఎవరి పేరూ పెట్టలేదు.